జప్తు కానివి

కిందటేడు శ్రావణంలో మా పిన్ని కూతురు శ్రీకాకుళం నుంచి ఫోన్ చేసింది. ఏడుస్తుందేమోననుకున్నాను. ఏడవలేదు. "అప్పా, ఇల్లు వాళ్ళకి అప్పజెప్పేటప్పుడు లోపల్నుంచి మనం ఏమేం తెచ్చుకోవచ్చు?" అని అడిగింది.

మా మరిది సముద్రం ఒడ్డున రొయ్యల చెరువులు లీజుకి తీసుకున్నాడు. వరసగా రెండు పంటలు తెగులు పడి పోయాయి. మేత బాకీలు, కరెంటు బాకీలు, చేబదుళ్ళు అన్నీ కలిసి మీద పడ్డాయి. ఇల్లు ఒక ఫైనాన్సు సంస్థలో తనఖాలో ఉంది. ఆ కాగితాల మీద మా చెల్లెలు కూడా సంతకం చేసింది. ఆడవాళ్ళ పేరు కలిస్తే వడ్డీ కాస్త తగ్గుతుందన్నారట. చేసిన సంతకాలెన్నో తనకి గుర్తులేదు.

తను అడిగినదానికి మన చట్టంలో ఒక జవాబుంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్, బాకీదారు ఆస్తిలో వేటిని జప్తు చేయకూడదో ఒక జాబితా ఇస్తుంది. బాకీదారుకీ, అతని భార్యాపిల్లలకీ అవసరమైన ఒంటిమీది బట్టలు, వంటపాత్రలు, మంచాలు, పక్కబట్టలు. మతాచారం ప్రకారం ఆడది ఒంటి మీంచి తియ్యకూడని నగలు, అంటే మన దగ్గర పుస్తె. చేతిపనుల వాళ్ళకి పనిముట్లు. రైతుకైతే నాగలి, ఎడ్లు, విత్తనాలు, తనుంటున్న ఇల్లు.

ఈ జాబితా నాకు లా పుస్తకంలో తెలిసింది కాదు. మా మామ్మ నోట విన్నాను. ఆవిడకి చదవడం రాదు.

'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చింది. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళు తమ మాటల్లో చెప్పిన కథలవి. అది చదివాక మాలో చాలామందిమి ఇంట్లో ముసలివాళ్ళ పక్కన కూర్చుని ప్రశ్నలడగడం మొదలుపెట్టాం. నేను 1988 వేసవిలో విజయనగరంలో మా మామ్మ దగ్గర కూర్చున్నాను. నాకు పోరాటాల కథ కావాలి. ఆవిడ చెప్పింది మాత్రం ఇల్లు పోయిన కథ. అప్పుడు కొంచెం నిరాశపడ్డాను కూడా.

మా తాతయ్య గోగునార వ్యాపారి. రైతుల దగ్గర నార కొని, బేళ్ళు కట్టించి మిల్లులకి వేసేవాడు. కొరియా యుద్ధం రోజుల్లో గోనెసంచులకి గిరాకీ పెరిగి నార ధర ఆకాశానికెక్కింది. తాతయ్య గోడౌన్లు అద్దెకి తీసుకున్నాడు, సరుకు నిలవేశాడు, అప్పులు చేశాడు. 1952కల్లా ధర కూలిపోయింది. మరో అయిదేళ్ళు ఒక నోటు తీర్చడానికి ఇంకో నోటు రాస్తూ నెట్టుకొచ్చి, 1957లో ఐ.పి. పెట్టాడు.

ఐ.పి. అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. 1920 నాటి దివాలా చట్టం కింద కోర్టులో పెట్టుకునే అర్జీ. ఆ రెండక్షరాలూ తెలుగు మాటైపోయాయి. 'వాడు ఐ.పి. పెట్టాడు', 'టోపీ పెట్టాడు', 'బోర్డు తిప్పేశాడు' అంటారు. 'ఐ.పి. పెట్టింది' అని నేనెక్కడా వినలేదు. దివాలా తియ్యాలన్నా ముందు ఆస్తి ఉండాలి కదా!

ఐ.పి.కి ఏడాది ముందు, 1956లో, తాతయ్య ఇల్లు మామ్మ పేర దఖలు రాశాడు. ఊరంతా దీనికి ఒకటే అర్థం చెప్పుకుంది: ముణిగిపోతున్నాడు గనక పెళ్ళాం పేర దాస్తున్నాడు. చట్టం కూడా అదే అనుకుంది. దివాలా అర్జీకి ముందు రెండేళ్ళలోపు ఊరికే ఇచ్చేసిన ఆస్తిని రిసీవరు రద్దు చేయించవచ్చు. రద్దు చేయించాడు. తాతయ్య ఉద్దేశం దాచడమే. అందులో నాకు అనుమానం లేదు.

కానీ ఆ ఇల్లు కట్టినప్పుడు గోడలకీ దూలాలకీ డబ్బు మామ్మ నగలు అమ్మితే వచ్చింది. పుట్టింటివారు పెట్టిన కాసులపేరు, వడ్డాణం, కంటె ఒకదాని వెనక ఒకటి పోయాయి. కోర్టులో ఆ మాట చెప్పిందట. ఎదుటి ప్లీడరు, నగలిచ్చినట్టు రసీదు ఉందా అని అడిగాడు.

"మొగుడి కాడ రసీదు ఏ ఆడది పుచ్చుకుంటాది బాబూ అన్నాను. అందరూ నవ్వీసేరు. జడ్జీగారూ నవ్వేరు" అంది మామ్మ. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా ఆ నవ్వు చెప్పేటప్పుడు ఆవిడ తల వంచుకుంది.

నగలు ఇల్లయినప్పుడు రాతకోతలు లేవు. ఇల్లు పోతుందనగా మాత్రం ఆవిడ పేరు స్టాంపు కాగితం ఎక్కింది. ఆ ఒక్కసారీ అది మోసం కాగితమైంది. నిజంగా తనదైన ఇంటిని తనదని చెప్పుకుంటే దొంగసాక్ష్యం చెప్పినట్టయింది. వాళ్ళిద్దరిలో నేరమెవరిదో తేల్చడం తేలిక. ఇల్లెవరిదో తేల్చే కాగితం మాత్రం లేదు.

1959లో ఇల్లు వేలానికొచ్చింది. వీధిలో డప్పు కొట్టించి చాటారు, గుమ్మానికి కాగితం అంటించారు. తాతయ్య నాలుగు రోజుల ముందే పని ఉందని పార్వతీపురం వెళ్ళిపోయాడు. పిల్లల్ని, అత్తగారిని, సామాన్ని చూసుకోవలసింది మామ్మే. కోర్టు గుమస్తా జాలిపడి ఏవి తీసుకెళ్ళొచ్చో చదివి వినిపించాడు. గిన్నెలు, మంచాలు, పక్కబట్టలు, పుస్తె. విన్నది విన్నట్టు ఆవిడకి కంఠతా వచ్చేసింది.

రోలు దగ్గర పేచీ వచ్చింది. వంటింట్లో రుబ్బురోలు నేలలో పాతి ఉంది. నేలలో పాతింది ఇంటి కిందికే వస్తుందన్నాడు గుమస్తా. పొత్రం విడి సామాను గనక తీసుకోవచ్చు. తులసికోట ఇంటిది, తులసి మొక్క మీది అన్నాడు. మామ్మ మొక్కని చెంబులో పెట్టుకుంది, పొత్రాన్ని గోనెలో చుట్టి రిక్షాలో కాళ్ళ దగ్గర పెట్టుకుంది.

"ఇల్లు పోనాదని నానేడవలేదే గుంటా. రోలు ఒగ్గీసి ఒచ్చినందుకు ఏడిసేను" అంది.

ఆ మాట అప్పుడు నాకు చిన్నగా కనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆవిడ ఇల్లు అంటే అదే. తాతయ్య ఇల్లు అరుగు, వీధి గుమ్మం, పదిమందిలో పరువు. అవి పోయాయి గనక ఆయన ఊళ్ళో తలెత్తుకోలేక మంచం పట్టాడు. మామ్మకి మంచం పట్టే తీరిక లేదు. సాయంత్రానికి ఎనిమిదిమందికి వండాలి.

అద్దింట్లో ఆవిడ అప్పడాలు ఒత్తింది, వడియాలు పెట్టింది, విస్తళ్ళు కుట్టింది. ఏజెన్సీ నుంచి అడ్డాకుల మోపులు సంతకి దిగేవి. రాత్రి దీపం ముందు మా అత్తయ్యలిద్దరూ ఆవిడా కూర్చుని కుట్టేవారు. నాన్న ఆ విస్తళ్ళ కట్టలు హోటళ్ళకి మోసేవాడు. అలా చదువుకున్నాడు. మా ఇంట్లో ఎప్పుడూ నాన్న కష్టపడి పైకొచ్చాడని చెప్పుకుంటాం. కుట్టిన చేతుల సంగతి ఎవరూ ఎత్తరు.

మామ్మ 1993లో పోయింది. ఆవిడ ట్రంకుపెట్టె అడుగున రెండు వస్తువులు దొరికాయి. ఒకటి ఒక ప్రోనోటు. రెండోది తాతయ్య ఐ.పి. అర్జీ నకలు.

ప్రోనోటు 800 రూపాయలకి. రెవిన్యూ స్టాంపు మీద తాతయ్య సంతకం. ఇచ్చినావిడ మా పాత వీధి చివర ఉండే ఒక బాలవితంతువు. తమ్ముడి పంచన ఉండేది. వీధివాళ్ళందరూ ఆవిడని 'అక్కగారు' అనేవారు. అత్తింటివాళ్ళు ఏడాదికింత అని పడేసే మనోవర్తిని దాచి దాచి తాతయ్యకి వడ్డీకిచ్చింది. దివాలాలో అప్పులవాళ్ళందరికీ ఆస్తి అమ్మిన సొమ్ము పంచగా రూపాయికి 18 నయాపైసలు వచ్చాయి. అక్కగారి 800కి దక్కింది 144. మిగతా బాకీ కోర్టు దృష్టిలో రద్దయిపోయింది.

అద్దింటికి మారిన కొన్నాళ్ళకి అక్కగారు వచ్చి గుమ్మంలో కూర్చుందట. మామ్మ మజ్జిగిచ్చింది. తాగి, "నీకు ఇల్లు పోయింది. నాకసలు ఇల్లేదీ? ఆ ఎనిమిదొందలే నా ఇల్లు. అవున్నాయని తమ్ముడి పెళ్ళాం ఇన్నాళ్ళూ అన్నం పెట్టింది" అని లేచి వెళ్ళిపోయింది.

నోటు వెనక్కి తిప్పితే చెల్లు ఉంది. 1959 నుంచి 1970 దాకా. నెలకి అయిదు రూపాయలు, కొన్ని నెలలు రెండే. వెనక చోటు చాలక కాగితాలు అతికించి రాసింది అక్కగారు. చేతిరాత పొందిగ్గా, గుండ్రంగా ఉంది. కడపట, "అసలు యావత్తు ముట్టినది. నోటు వాపసు ఇచ్చినాను" అని ఉంది. వడ్డీ ఊసు లేదు.

చట్టం కొట్టేసిన బాకీని మామ్మ పదకొండేళ్ళు తీర్చింది. తాతయ్యకి తెలుసో లేదో తెలీదు. ప్రతి చెల్లు కిందా ఒకటే మాట: "మీ భార్య చేతిమీదుగా". నోటు ముందువైపు మామ్మ పేరు లేదు. వెనకవైపూ లేదు.

దీన్ని త్యాగమని రాస్తే నాకు సులువు. మామ్మని నేనడిగినప్పుడు ఆవిడ అలా చెప్పలేదు. అప్పుడు నోటు సంగతి దాచి ఒక్క ముక్కే అంది: "ఆలు ఆలు పడ్డాకా మనకేటి మిగిలింది, ఆ పెద్దావిడకేటి మిగిలింది?" మగవాళ్ళ లెక్కలు ముగిశాక ఇద్దరాడవాళ్ళు తమ లెక్క తాము చూసుకున్నారు.

అక్కగారిలాంటివాళ్ళు అరుదేమీ కాదు. ఆర్థికమాంద్యంలో ధాన్యం ధరలు పడిపోయి రైతులు అప్పుల్లో కూరుకుపోతే, 1938లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు రాజధానిలో వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టం తెచ్చింది. పాత వడ్డీలు కొట్టేసింది, అసలుకి రెండింతలు కట్టినవాళ్ళ బాకీ తీరినట్టే అంది. ఆ చట్టంలోనే ఒక మినహాయింపు పెట్టారు. వేరే ఆస్తేమీ లేని స్త్రీకి రావలసిన బాకీ అసలు మూడు వేల రూపాయలు మించకపోతే, ఈ చట్టం దానికి వర్తించదు. భూమి హక్కు లేని ఆడవాళ్ళు ఉన్న నాలుగు రూపాయలూ వడ్డీకి తిప్పుకుని బతుకుతున్నారని శాసనసభకి తెలుసన్నమాట. వాళ్ళకి ఆస్తిలో వాటా ఇవ్వడం కంటే వడ్డీని కాపాడడమే తేలికనిపించింది. వాటా మాట మన రాష్ట్రంలో చట్టమయ్యేటప్పటికి 1985 వచ్చింది. దేశమంతటికీ 2005.

ఇక రెండో వస్తువు, అర్జీ నకలు. మా ఇంటి దుఃఖాన్ని ఒక్కటే చూసుకోనివ్వకుండా నన్ను ఆపింది అదే. అందులో తాతయ్య అప్పుల జాబితా ఒకటి, ఆస్తుల జాబితా ఒకటి. ఆస్తుల్లో ఇల్లు, నార బేళ్ళు, వాటి కింద 'రావలసిన బాకీలు' అని 43 పేర్లు. సాలూరు కొండల దిగువ ఊళ్ళు. చాలావాటి పక్కన 'వేలిముద్ర' అని ఉంది. తాతయ్య నారతోపాటు వడ్డీవ్యాపారమూ చేశాడని ఇంట్లో ఎవరూ చెప్పలేదు. మామ్మ కూడా.

ఆ కొండల్లో ఇల్లూ భూమీ పోవడానికి ఐ.పి. అక్కర్లేదు, డప్పు అక్కర్లేదు. షావుకారు ఉప్పు, గుడ్డ, తిండిగింజలు అప్పిచ్చేవాడు. పంట కళ్ళంలోనే కొలుచుకునేవాడు. తీరకపోతే భూమి, అదీ చాలకపోతే మనిషి కంబారిగా చాకిరీకి. ఇది ప్రభుత్వానికి తెలియంది కాదు. 1917లోనే ఏజెన్సీ చట్టం చేసి వడ్డీ నూటికి ఏడాదికి 24 మించకూడదనీ, మొత్తం వడ్డీ అసలుని దాటకూడదనీ, గిరిజనుడి భూమి అనుమతి లేకుండా గిరిజనేతరుడికి చేరకూడదనీ రాశారు. కాగితం కొండెక్కలేదు. అందుకే 1950ల చివర్నుంచి వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం వంటి పంతుళ్ళ వెనక గిరిజన సంఘం కట్టుకున్నారు. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్నలు తుపాకీ గుళ్ళకి చనిపోయారు. 1968 నవంబరు 25న పెదగొట్టిలిలో భూస్వామి ఇంటి మీద పడ్డ గిరిజనులు ధాన్యంతోపాటు అప్పుపత్రాలు పట్టుకుపోయారు. ఉద్యమాన్ని అణిచేశారు. 1959లో వచ్చిన భూబదలాయింపు రెగ్యులేషన్‌ని 1970లో గట్టిపరిచి, ఏజెన్సీ భూమి గిరిజనేతరులకి బదలాయించడాన్ని పూర్తిగా నిషేధించారు. అదే అందరూ 1/70 అనే చట్టం.

మా మామ్మ చెల్లు పూర్తయిందీ 1970లోనే. రెండింటికీ సంబంధం లేదు. కానీ ఆవిడ కుట్టిన అడ్డాకులు ఆ కొండల ఆడవాళ్ళు ఏరినవే. మేం పోగొట్టుకున్న ఇంటి బేళ్ళలోనూ దూలాల్లోనూ ఆ 43 పేర్ల వడ్డీ కొంతయినా ఉండే ఉంటుంది. ఆ 43లో ఒక్క ఆడపేరు లేదు. వాళ్ళిళ్ళల్లో నగలెవరివి పోయాయో, రోళ్ళెవరివి పోయాయో ఏ నకల్లోనూ దొరకదు.

బాకీకి ఇల్లు పోవడమనే చరిత్ర మన ప్రాంతంలో పెద్ద ఇంటి దగ్గరే మొదలైందని చెప్పవచ్చు. విజయనగరం రాజు పేష్కషు బకాయి పడ్డాడని 1793లో కంపెనీ ఎస్టేటు స్వాధీనం చేసుకుని, నెలకి 1200 రూపాయల భత్యమిచ్చి మచిలీపట్నం వెళ్ళి ఉండమంది. విజయరామరాజు వెళ్ళకుండా పద్మనాభంలో నిలిచి, 1794 జూలై 10న సైన్యం చేతిలో చనిపోయాడు. పద్మనాభాన్ని మనం వీరగాథగా చెప్పుకుంటాం. బాకీ గాథగా ఎవరూ చెప్పరు. తర్వాత కొడుకు నారాయణబాబుకి ఎస్టేటు కొంత తగ్గించి తిరిగిచ్చారు. ఆయనా అప్పులపాలై, 1845లో కాశీలో పోయేనాటికి ఎస్టేటు కలెక్టరు నిర్వహణలో ఉంది. అమ్మెయ్యలేదు, బాకీలు తీర్చి వారసుడికి అప్పజెప్పారు. ఒక జమీందారు చేసే అప్పులు అతని తదనంతరం జమీని తాకకుండా 1904లో మద్రాసు ప్రభుత్వం చట్టమే చేసింది. అంటే రాజు దివాలా తీస్తే ఎస్టేటుని కాపాడారు. వ్యాపారి దివాలా తీస్తే ఇల్లు వేలమేశారు. కొండమనిషి దివాలా తీశాడని ఎవరూ రాసుకోనే లేదు.

మామ్మకి గిన్నెలైనా మిగిల్చిన ఆ 60వ సెక్షన్ని 1976లో సవరించి, కూలివాడి ఇల్లు, ఇంటిపని చేసేవారి ఇల్లు కూడా జప్తు చేయరాదన్నారు. మంచి మాటే. అయితే మా అద్దింట్లో అంట్లు తోమిన మనిషి గుడిసె ఆసామి దొడ్లో ఉండేది. ఆమెని ఖాళీ చేయించడానికి ఆయనకి డిక్రీతో పనేముంది?

ఇప్పుడు కాగితాలు మారాయి. 2020 డిసెంబరు 25 నుంచి రాష్ట్రంలో దాదాపు 30 లక్షల ఇళ్ళపట్టాలు ఆడవాళ్ళ పేరనే ఇచ్చారు. అరవై ఏళ్ళ కిందట కోర్టు నవ్విన మాటని ప్రభుత్వమే ముద్రేసి ఇచ్చింది. దానితోపాటు ఇంకొకటీ జరిగింది. జిల్లా పేజీల్లో స్వాధీనతా ప్రకటనలు చూడండి. రుణగ్రహీత పేరు కింద రెండో పేరు భార్యది. మామ్మకి ఆస్తిలోనూ అప్పులోనూ పేరు లేదు. మన చెల్లెళ్ళకి పేరొచ్చింది. ఆస్తికంటే ముందు అప్పులో.

2002 నాటి సర్ఫేసీ చట్టంతో, తనఖా ఇంటికి అప్పిచ్చినవాళ్ళు కోర్టు డిక్రీ కోసం చూడక్కర్లేదు. 60 రోజుల నోటీసు, తర్వాత స్వాధీనం. డప్పు బదులు రెండు పత్రికల్లో ప్రకటన, అందులో ఒకటి స్థానిక భాషలో. స్వాధీనం మీద అభ్యంతరం ఉంటే 45 రోజుల్లో రుణ వసూలు ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. మనకి అది విశాఖపట్నంలో ఉంది. వేలం ప్రకటన వెలువడేలోగా మొత్తం కట్టి విడిపించుకోవచ్చు. ఇవన్నీ నేను మా చెల్లెలికి చెప్పేటప్పటికి నోటీసు వచ్చి నాలుగు నెలలైంది. కవరు మీద తన పేరే ఉంది. విప్పింది మా మరిది. చదివి బీరువా మీద పెట్టేశాడు, తను కంగారుపడుతుందని.

ఇల్లు నిలవలేదు. నేను రెండు రోజులు ముందే వెళ్ళి సర్దడంలో సాయం చేశాను. గిన్నెలు, పరుపులు, పిల్లల పుస్తకాలు, కుట్టుమిషను. సందేహం ఉన్న ప్రతి వస్తువు దగ్గరా తను నా మొహం చూసేది. పాతింది వాళ్ళది, విడిది మనది అని మామ్మ మాటే చెప్పాను. గ్రైండరుకి ఏ పేచీ లేదు.

అద్దింట్లో మొదటి రాత్రి తను ఒక నోటుపుస్తకం తీసి నా ముందు పెట్టింది. వీధిలో ఆడవాళ్ళ చీటీ నడిపేది తను. ఎత్తుకున్నవాళ్ళు కొందరు, ఇంకా ఎత్తుకోనివాళ్ళు పదకొండుమంది. ఆ డబ్బు కూడా మేత బాకీల్లో కలిసిపోయింది. ఆ పదకొండుమందిలో ఇద్దరు ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, ఒకామె భర్త పోయి కూతురితో ఉంటోంది. వీళ్ళెవరి దగ్గరా చూపించడానికి కాగితం లేదు.

"ఫైనాన్సువాళ్ళ సంగతి ఇంటితో తేలిపోతుందిలే అప్పా. వీళ్ళ సంగతి చూడాలి" అంది.

ట్రంకుపెట్టెలో దొరికిన నోటు సంగతి అప్పుడు చెప్పాను. మా మామ్మ తనకేమీ కాదు, తను మా అమ్మవైపు. అయినా చివరిదాకా విని, ఏ చెల్లు కిందయినా ఆవిడ పేరుందా అని అడిగింది. లేదన్నాను. కాసేపు ఊరుకుని, పుస్తకం దగ్గరికి లాక్కుని, ఆ పదకొండు పేర్ల పైన ఉన్న ఖాళీలో తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసుకుంది. దాని పక్కన 'ఇవ్వవలసినవి' అని రాసి, పనమ్మాయిలిద్దరి పేర్లకీ ముందుగా అంకె వేసింది.